రైల్లో ఆడిన అబద్ధం

పోయినేడు జూన్లో, మా బడిలో పదో తరగతి పాసై పాలిటెక్నిక్‌లో సీటు తెచ్చుకున్న ఒక పిల్ల టీసీ కోసం వచ్చింది. టీసీ తీసుకుంది. మార్కుల మెమో తీసుకుంది. కులం సర్టిఫికెట్టు జెరాక్సుల మీద హెడ్మాస్టరు గారి చేత సంతకాలు పెట్టించుకుంది. పనంతా అయిపోయినా పోకుండా స్టాఫ్‌రూమ్ గుమ్మం పట్టుకుని నిలబడింది. ఏమ్మా అన్నాను. "టీచర్, హాస్టల్లో ఎవరన్నా ఇంటిపేరు అడిగితే వేరేది చెప్పమంటంది మా అమ్మ. చెప్పొచ్చా?" అంది.

నేను సోషల్ టీచర్ని. రాజ్యాంగం పాఠం చెప్పేటప్పుడు 17వ అధికరణం బోర్డు మీద రాసి కింద రెండు గీతలు గీస్తాను. ఆ పిల్లకి ఆ పాఠం చెప్పింది నేనే. అయినా ఆ పూట నోరు పెగల్లేదు. రేపు రా, మాట్లాడుకుందాం అని పంపేశాను.

జవాబు తెలీక కాదు. ఆ ప్రశ్నకి నేనొకసారి జవాబు చెప్పి ఉన్నాను. బడిలో కాదు, మన దేశంలో కూడా కాదు. 2014 ఏప్రిల్లో ప్రేగ్ నించి వియన్నాకి పోయే రైల్లో చెప్పాను. ఆ సంగతి ఇన్నాళ్లూ ఎవరికీ చెప్పలేదు. మీటింగుల్లో మైకు పట్టుకుని మాట్లాడినప్పుడు కూడా దాన్ని దాటేసే మాట్లాడాను. ఇప్పుడు రాస్తున్నాను.

మాది తెనాలి–బాపట్ల రైలు దారి పక్కన ఒక పల్లె. పల్లె అంటే మాలపల్లె. ఊరు వేరే ఉంది. నేను పుట్టింది 1989లో. నాకు రెండేళ్లప్పుడు, 1991 ఆగస్టు 6న, చుండూరులో ఎనిమిది మంది దళితుల్ని వెంటాడి చంపారు. కొందరి శవాల్ని గోనెసంచుల్లో కుక్కి కాలవలో పడేశారు. అంతకు నెల ముందు సినిమా హాల్లో డిగ్రీ చదివిన ఒక దళిత కుర్రాడి కాలు అగ్రకులం కుర్రాడికి తగిలింది. గొడవ మొదలైంది అక్కడ. నిడుబ్రోలులో రైలెక్కితే మోదుకూరు, ఆ తర్వాత చుండూరు, ఆ తర్వాత తెనాలి. ఆస్పత్రికైనా పుస్తకాలకైనా మాకు తెనాలే గదా. ఆ స్టేషను దాటకుండా నేను ఏ చదువూ చదవలేదు. రైలెక్కంగానే మా అమ్మ నా మోకాళ్ల మీద చెయ్యేసి లోపలికి నొక్కేది. "కాళ్లు ముడుచుకో పిల్లా" అనేది. చుండూరులో బండి ఆగితే కిటికీలోంచి చూడనిచ్చేది కాదు. ఎందుకో నాకు పదేళ్లొచ్చేదాకా చెప్పలేదు.

మా ఇంట్లో డిగ్రీ చదివిన మొదటి మనిషిని నేనే. మా నాయన అయిదో తరగతి. అమ్మ వేలిముద్ర. నేను బి.ఏ., బి.ఇడి. చేసి, ఎం.ఏ. ఫిలాసఫీ చదివాను. ఎస్సీ విద్యార్థిగా ప్రభుత్వం స్కాలర్‌షిప్పు ఇస్తే 2013 సెప్టెంబర్లో బెల్జియంలో లూవెన్ అనే ఊరికి ఒక ఏడాది చదువుకి పోయాను. ఆ యూనివర్సిటీ 1425లో పెట్టింది. అప్పటికి మావాళ్లకి అక్షరం చెవినపడితే సీసం పోయాలని రాసిన పుస్తకాలు మన దేశంలో పవిత్ర గ్రంథాలుగా చెలామణీ అవుతున్నాయి గదా అని మొదట్లో రోజూ అనుకునేదాన్ని. తర్వాత మానేశాను. ఆ చలిలో కోపం కూడా ఎక్కువసేపు నిలబడదు.

ఈస్టర్‌కి రెండు వారాలు సెలవులిచ్చారు. అక్కడ అప్పట్లో ఇరవై ఆరేళ్లు నిండని వాళ్లకి ఒక రైలు పాసు తక్కువ ధరకి అమ్మేవాళ్లు. అది చేతిలో ఉంటే పాసులో రాసినన్ని రోజులు ఏ దేశం బండైనా ఎక్కి దిగొచ్చు. మనం కాపురముండే దేశంలో మాత్రం అప్పట్లో చెల్లేది కాదు, సరిహద్దు దాకా టికెట్టు విడిగా కొనుక్కోవాల్సి వచ్చేది. ఈ చివరి సంగతి నాకు నవ్వు తెప్పించింది. మన దేశంలో మనకి చెల్లనిది పరాయి దేశాల్లో చెల్లడం కొత్తేం కాదు గదా.

ఊళ్లు చూడ్డానికి పోతున్నానని అమ్మకి ఫోన్ చేశాను. "అక్కడ మనోళ్లెవరన్నా ఉన్నారా?" అంది. లేరన్నాను. "మరి చావా, పెళ్లా?" అంది. ఊరికే చూడ్డానికన్నాను. "ఊరికే ఎవరన్నా రైలెక్కుతారంటే?" అంది. ఆమె అన్నది తప్పు కాదు. మా పల్లెలో ఎవరైనా రైలెక్కారంటే మిరపకాయల కోతలకో, గుంటూరు పెద్దాసుపత్రికో, కోర్టుకో అయ్యుండాలి. పాసు ధర అమ్మ మినుము పీకే కూలితో లెక్కేస్తే ఎన్ని రోజులవుతుందో ఒక కాయితమ్మీద లెక్కేసుకున్నాను. ఆ కాయితం చింపేసి పాసు కొన్నాను.

ఇక్కడ ఇంకో సంగతి చెప్పాలి. సెలవులకి ముందు మార్చిలో మా క్లాసులో కాంట్ రాసిన చిన్న వ్యాసం ఒకటి చదివించారు. 1797లో రాసింది. హంతకుడొకడు తలుపు కొట్టి, మీ స్నేహితుడు లోపలున్నాడా అనడిగితే, స్నేహితుణ్ణి కాపాడ్డానికి అబద్ధం చెప్పొచ్చా? చెప్పకూడదంటాడు కాంట్. అబద్ధం అబద్ధమే. దీనిమీద ఆయనతో వాదం పెట్టుకున్నవాడు ఫ్రెంచివాడు, బెంజమిన్ కాన్‌స్టాంట్. నిజం చెప్పడం బాధ్యతేగానీ, నిజం వినే హక్కున్నవాడికే ఆ బాధ్యత అంటాడు ఈయన. క్లాసులో అందరూ గట్టిగా వాదించుకున్నారు. తలుపు కొట్టేవాళ్లు నాజీలైతే ఏం చేస్తావని ఒకరు, అప్పుడు కాంట్ తప్పే గదా అని ఒకరు. నేను మాట్లాడలేదు. నాకు మా ఊళ్లో వేసిన హరిశ్చంద్ర నాటకం గుర్తొచ్చింది. సత్యం కోసం రాజు కాటికాపరి అయ్యాడని ఊరంతా కళ్లు తుడుచుకుంటుంది. ఏ సత్యమూ చెప్పకుండానే, పుట్టడంతోటే కాటికాపర్లైనవాళ్లు పందిరి అవతల కింద కూచుని అదే నాటకం చూస్తుంటారు. ఈ ముక్క ఇంగ్లీషులో ఎట్లా చెప్పాలో తెలీక ఊరుకున్నాను.

మొదట ఆంస్టర్‌డామ్ పోయాను. బండిలో ఎదురుగా కూచున్న ముసలామె బూటు నా కాలికి తగిలింది. ఆమె "సారీ" అంది. నేను రెండు కాళ్లూ సీటు కిందికి లాక్కుని రెండుసార్లు సారీ చెప్పాను. తగిలింది ఆమె కాలు. కాసేపటికి నాకే తెలిసొచ్చింది, ఆ బండిలో మా అమ్మ లేదు, ఆ చెయ్యి మాత్రం ఇంకా నా మోకాళ్ల మీదే ఉంది. మెల్లగా ఒక కాలు చాపాను. ఎవరూ చూడలేదు. రెండోది చాపాను. మనిషి కాళ్లు చాపుకుని కూచుంటే నడుం ఎంత హాయిగా ఉంటుందో నాకు ఇరవై అయిదో ఏట తెలిసింది. ఆ ప్రయాణంలో నేను చూసిన గొప్ప వింత అదేనంటే మీరు నవ్వినా సరే.

ఆంస్టర్‌డామ్‌లో అన్నే ఫ్రాంక్ దాక్కున్న ఇల్లు చూశాను. దానికంటే నన్ను నిలేసింది ఇంకో వీధిలో ఒక పాత మేడ గోడకున్న పలక. నాజీల ఆక్రమణ రోజుల్లో ఆ మేడలో ఊరి జనాభా కార్డులుండేవి. ఎవరు యూదులో ఆ కార్డులే చెప్పేవి. దొంగ గుర్తింపు కాయితాలతో బతుకుతున్నవాళ్లని పట్టుకోడానికి పోలీసులకి ఆ కార్డులే ఆధారం. 1943 మార్చి 27 రాత్రి కొంతమంది ప్రతిఘటనోద్యమం వాళ్లు పోలీసు బట్టలేసుకుని లోపలికి పోయి కార్డులకి నిప్పుపెట్టారు. మంటలార్పడానికొచ్చిన ఫైరింజన్ల వాళ్లు కావాలనే ఆలస్యం చేశారట, ఆర్పే వంకతో కాలని కార్డుల మీద కూడా నీళ్లు గుమ్మరించారట. అయినా కొంత భాగమే పాడైంది. తర్వాత దొరికినవాళ్లలో పన్నెండుమందిని కాల్చి చంపారు. వాళ్లలో విల్లెమ్ అరొండేయస్ అనే చిత్రకారుడున్నాడు. బతకడానికి పక్కవాడు ఆడుతున్న అబద్ధం నిలబడాలని తమ ప్రాణాలిచ్చిన మనుషులు! కాంట్‌కి వీళ్లని చూపిస్తే ఏమనేవాడో.

ఆ పలక ముందు నిలబడి నా బ్యాగు తడుముకున్నాను. అందులో ప్లాస్టిక్ కవర్లో పెట్టుకున్న నా కులం సర్టిఫికెట్టు నకలుంది. వాళ్లు కార్డులు తగలబెట్టారు. నేను నా కార్డుకి లామినేషన్ చేయించాను. అది లేకపోతే హాస్టల్లేదు, సీట్లేదు, లూవెన్ లేదు. నన్ను వెలేసిన గుర్తూ అదే, నాకు తలుపు తీసిన తాళమూ అదే. దాన్ని చించలేను, మెడలో వేసుకోనూలేను. అందులోనూ మళ్లీ మెలిక. మా నాయనమ్మ లూథరన్ గుడికి పోయేది. మా నాయన బాప్తిస్మం తీసుకోలేదు. ఎందుకు తీసుకోలేదో మా పల్లెలో అందరికీ తెలుసు. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం క్రైస్తవం పుచ్చుకున్నవాడు ఎస్సీ కాడు. గుడిలో మోకరించినంత మాత్రాన ఊళ్లో ఎవరూ మమ్మల్ని మాలోళ్లు కాదనలేదు, కాయితం మాత్రం కాదంటుంది. మావాళ్లు అబద్ధాలాడతారనేవాళ్లు, అబద్ధం ఆడితే గానీ బతకనియ్యని ఉత్తర్వులు రాసిందెవరో కూడా అడగాలి.

బెర్లిన్లో గ్రూన్‌వాల్డ్ స్టేషనుకి పోయాను. అక్కడ పదిహేడో నంబరు ప్లాట్‌ఫారం మీంచి యూదుల్ని బళ్లలో ఎక్కించి పంపేవారు. మొదటి బండి 1941 అక్టోబర్ 18న కదిలింది. ఇప్పుడక్కడ ప్లాట్‌ఫారం అంచున 186 ఉక్కు పలకలున్నాయి. ఒక్కో పలక మీద తారీకు, మనుషుల లెక్క, ఏ ఊరికి పంపిందీ. పట్టాల మధ్య మొలిచిన చెట్లని కొట్టకుండా అట్లాగే వదిలేశారు. చావుకి పంపిన ఆ మనుషుల పేరున కూడా రైల్వే కిలోమీటర్ల లెక్కన చార్జీ వసూలు చేసింది. పిల్లలకి సగం టికెట్టు. రైలంటే ఊళ్లు చూపించేది మాత్రమే కాదని ఆ ప్లాట్‌ఫారం మీద అనిపించింది. అక్కడే ఇంకోటి తెలిసింది. పేరుని బట్టి యూదులని తేలిగ్గా పోల్చుకోడానికి 1939 జనవరి నించి మగవాళ్లు ఇజ్రాయెల్ అని, ఆడవాళ్లు సారా అని పేరుకి తగిలించుకోవాలని హిట్లర్ ప్రభుత్వం చట్టం చేసింది. వాళ్లకి చట్టం కావలసి వచ్చింది. మనకా అవసరం రాలేదు. మన ఇంటిపేర్లని వీధి అరుగుల మీదే చదివేస్తారు. వాళ్ల బాధా మన బాధా ఒకటేనని నేననడం లేదు. కొలిచి చూసే పని నాది కాదు. ఒక మనిషి పేరుని మరో మనిషి ఎందుకు అడుగుతాడనేదే నాకు కావలసింది.

ప్రేగ్ చాలా అందంగా ఉంది. దాని గురించి చాలామంది రాశారు, నేను రాయను.

ఏప్రిల్ 18, గుడ్‌ఫ్రైడే. ప్రేగ్ నించి వియన్నా పోయే బండి ఎక్కాను. ఆరుగురు కూచునే గది. అమ్మతో ఫోన్లో మాట్లాడుతుంటే ఎదురు సీట్లో ఉన్నామె "తెలుగేనా!" అంది. మొగుడూ పెళ్లాలిద్దరూ. ఫ్రాంక్‌ఫర్ట్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగాలు. ఏడు నెలల తర్వాత ఎదురుగా తెలుగు వినపడింది. నాకు కళ్లల్లో నీళ్లు తిరిగినంత పనైంది. ఆమె నన్ను చెల్లీ అంది. సంచీలోంచి డబ్బా తీసి పులిహోర పెట్టింది. నిమ్మకాయ పులిహోర, పల్లీలు, కరేపాకు. రెండు వారాలుగా రొట్టె ముక్కలూ అరటిపళ్లూ తింటున్న మనిషిని. గబగబా తినేశాను. ఇంకా పెట్టింది. అప్పుడు అడిగింది, "ఇంతకీ మీ ఇంటిపేరేంటి చెల్లీ?"

మామూలుగానే అడిగింది. చెడ్డగా అడగలేదు. నా నోట్లో ముద్ద ఉంది. ముద్ద మింగేలోపల నేను నాతో బి.ఇడి. చదివిన ఒక స్నేహితురాలి ఇంటిపేరు చెప్పేశాను. ఆ ఇంటిపేరు ఇక్కడ రాయను. అదొక అగ్రకులం ఇంటిపేరు. ఆలోచించి చెప్పింది కాదు. వేడి గిన్నె తగిలితే చెయ్యి వెనక్కి లాక్కున్నట్టు వచ్చింది ఆ మాట. ఆమె మొహం వెలిగిపోయింది. "అయితే మనోళ్లే! మా పిన్నత్తగారి పుట్టిల్లు ఆ ఇంటిపేరే" అంది. ఏ ఊరు, ఎవరి తాలూకు అని అడిగింది. ఒక అబద్ధానికి కాపలాగా ఇంకో నాలుగు పెట్టాల్సొచ్చింది. నా యాస నాకే భయమేసింది. మా నాయనమ్మ గుడ్‌ఫ్రైడేకి చెప్పే పేతురు కథ గుర్తొచ్చింది. ఆయన యేసు ఎవరో నాకు తెలీదని మూడుసార్లు బొంకాడు, ఆయన్నీ మాట తీరే పట్టిచ్చింది. నాయనమ్మ ఆ కథ చెప్పి పేతుర్ని ఎప్పుడూ తిట్టలేదు. "పాపం, చలికి మంట దగ్గర కూచుందామని పోయాడు" అనేది.

అంతవరకైతే నేనీ వ్యాసం రాయక్కర్లేదు.

బ్ర్నో దాటాక మొగుడు మాటల్లో పడ్డాడు. వాళ్ల తమ్ముడికి ఎంసెట్లో ర్యాంకొచ్చినా కోరుకున్న కాలేజీలో సీటు రాలేదట. "ఆ సీటు ఎవరికి పోయిందో తెలుసుగా" అన్నాడు. "ఇప్పుడు ఫారిన్ చదువులకి కూడా వాళ్లకి గవర్నమెంటే డబ్బులిచ్చి పంపిస్తోంది. మనలాంటోళ్లం చచ్చీచెడీ మన కాళ్ల మీద రావాలి. ఏమంటావమ్మా?" అని నావైపు చూశాడు.

నేను తలూపాను.

నోటితో ఏమీ అనలేదు. తల ఊపానంతే. ఆ బండిలో నేను కూచున్న సీటు, నా ఒంటిమీద కోటు, నేను కొన్న పాసు, అన్నీ ఆయన తిట్టిన ఆ డబ్బులతోనే వచ్చాయి. ఆ డబ్బులు ఎవరి దయా కాదని నేను ఎన్ని సభల్లో వాదించానో. నా తల ఊగింది. ఆమె మిగిలిన పులిహోర డబ్బాతో సహా నాకిచ్చేసింది. టిష్యూ కాయితం మీద ఈమెయిల్ రాసిచ్చింది. ఫ్రాంక్‌ఫర్ట్ వస్తే మా ఇంట్లోనే దిగాలంది. వియన్నాలో మూడు రోజులున్నాను. ఏ మ్యూజియానికి పోయానో, ఏం చూశానో ఇప్పుడడిగితే చెప్పలేను. పులిహోర రెండో రోజుకి పాడైంది. పారెయ్యడానికి చేతులు రాలేదు.

అక్కడ హాస్టల్ మంచం మీద పడుకుని బాబాసాహెబ్‌ని తల్చుకున్నాను. ఆయన చనిపోయాక 1990లో పుస్తకంగా వచ్చిన 'వెయిటింగ్ ఫర్ ఎ వీసా' మీరు చదివే ఉంటారు. 1901లో తొమ్మిదేళ్ల పిల్లాడు అన్నతోటీ అక్క కొడుకులతోటీ తండ్రి దగ్గరికి పోతూ మసూర్ స్టేషన్లో దిగుతాడు. మంచి బట్టలేసుకున్నారు, బ్రాహ్మల పిల్లలనుకుని స్టేషన్ మాస్టరు ఆప్యాయంగా మాట్లాడతాడు. మీరెవరు బాబూ అంటే, మహర్లం అని నిజం చెప్పేస్తాడు పిల్లాడు. ఆ స్టేషన్ మాస్టరు మొహం మారిపోతుంది. ఎడ్లబండి వాళ్లు రామంటారు. చివరికి ఒకడు రెట్టింపు డబ్బుకి ఒప్పుకుంటాడు, అదీ పిల్లలే బండి తోలుకోవాలి. మనం ఎప్పుడూ ఈ ముక్కే చెప్పుకుంటాం. ఆ రాత్రే జరిగిన ఇంకో సంగతి చెప్పుకోం. సుంకం వసూలు చేసేవాడి దగ్గర మంచినీళ్లడగాలి. ముసల్మాన్లమని చెప్పమంటాడు బండివాడు. పిల్లాడు అట్లాగే చెప్తాడు, ఉర్దూలో అడుగుతాడు. అయినా నీళ్లు దొరకవు. సాయంత్రం నిజం చెప్పిన నోరే రాత్రికి అబద్ధం చెప్పింది. ఒక్క రోజు చాలింది నేర్పడానికి. పెద్దయ్యాక కొలంబియాలో చదివొచ్చిన మనిషి బరోడాలో ఉండడానికి చోటు దొరక్క పార్శీ పేరు రాసి పార్శీల సత్రంలో దిగాడు. పదకొండో రోజున కర్రలు పట్టుకుని వచ్చారు. అమెరికాలో, యూరప్‌లో గడిపిన ఏళ్లలో తాను అంటరానివాణ్ణన్న సంగతే మర్చిపోయానని అందులోనే రాశాడాయన.

కాబట్టి అబద్ధం చెప్పినందుకు నన్ను నేను తిట్టుకోదల్చుకోలేదు. బాబాసాహెబ్‌కి లేని మచ్చ నాకెందుకు? కాన్‌స్టాంట్ మాటలో చెప్పాలంటే, నా ఇంటిపేరు మీద ఆమెకి హక్కులేదు. నన్ను చెల్లీ అని పిలిచాక, పులిహోర పెట్టాక, ఇంకా తెలుసుకోవలసిందేముంది? కానీ తలూపడం? అది కూడా ఆ అబద్ధంలో భాగమే, దాన్ని కాపాడ్డానికే అని నాకు నేను ఎన్నోసార్లు చెప్పుకున్నాను. సగమే నిజం. అబద్ధం చెప్పినప్పుడు నేను తలుపు వెనక దాక్కున్నాను. తలూపినప్పుడు తలుపు తట్టేవాళ్లతో కలిసి వీధిలో నిలబడ్డాను. దాక్కోడానికి హక్కుంది. వాళ్లతో కలిసి నిలబడ్డానికి ఎవరిచ్చారు నాకు హక్కు? మా అమ్మ ఇవ్వలేదు.

ఏప్రిల్ 22న తిరుగు ప్రయాణం. ఆ రోజు క్లాసులు మొదలు, నేను ఒకరోజు ఆలస్యం. ఆస్ట్రియా దాటి జర్మనీలోకి రాంగానే యూనిఫాం వాళ్లిద్దరు ఎక్కారు. పెట్టెలో నిండా జనం. పాస్‌పోర్టు అడిగింది ఇద్దర్నే, నన్నూ ఒక నల్లజాతి కుర్రాణ్ణీ. యూరప్ అంటే స్వర్గమని రాసేవాళ్ల కోసం ఈ ముక్క. అక్కడ నాకింకోటి అర్థమైంది. రంగు అడగక్కర్లేదు, కనపడుతుంది. ఆ కుర్రాడు ఏ అబద్ధం ఆడినా లాభం లేదు. కులం అడిగితే గానీ తెలీదు. అందుకే మనవాళ్లు అడుగుతారు, ప్రేగ్‌లో అయినా అడుగుతారు.

ఫ్రాంక్‌ఫర్ట్‌లో మారి కొలోన్‌లో దిగాను. తర్వాతి బండికి టైముంది. స్టేషన్లో ఫోన్ తెరిస్తే స్నేహితుల పోస్టులు వరసగా. చుండూరు కేసు హైకోర్టు కొట్టేసింది. 2007లో ప్రత్యేక కోర్టు 21 మందికి యావజ్జీవం, 35 మందికి ఏడాది జైలు వేసింది. ఆ కోర్టుని మనవాళ్లు కొట్లాడి చుండూరులోనే పెట్టించుకున్నారు. ఇప్పుడు నేరం రుజువు కాలేదని అందర్నీ విడిచిపెట్టారు. తర్వాత కేసు సుప్రీంకోర్టుకి పోయిందనుకోండి, ఆ సాయంత్రానికి మాత్రం అంతే.

అక్కడ ప్లాట్‌ఫారం బెంచీ మీద కూచున్నాను. చుండూరు మాలపల్లెలో ఆడవాళ్లూ ముసలాళ్లూ బోనెక్కి తమ పేరు, తండ్రి పేరు, ఇంటిపేరు చెప్పి, చూసింది చూసినట్టు చెప్పారు. తమ ఊళ్లోనే, చంపినవాళ్ల మొహాల ముందే చెప్పారు. చివరికి ఆ మాటలు నిలబడలేదు. నేను ఎక్కడో పరాయి దేశం రైల్లో, నోట్లో ముద్ద పెట్టుకుని ఒక అబద్ధం చెబితే ఒక్క సాక్ష్యం అడక్కుండా నమ్మి ఇంకా పులిహోర పెట్టారు. ఎదురుగా లూవెన్ వైపు పోయే బండి వచ్చింది, పోయింది. నేను ఎక్కలేదు. ఆ తర్వాతి బండికి పోయి, లీఎజ్‌లో మారి, అర్ధరాత్రికి గదికి చేరాను.

ఆ రాత్రే ఆమెకి ఉత్తరం రాశాను. అక్కా, నా ఇంటిపేరు ఇది, మాది ఫలానా మాలపల్లె, నేను గవర్నమెంటు డబ్బుతోనే వచ్చాను, మీవారి మాటకి తలూపాను, ఆ తలూపడం వెనక్కి తీసుకుంటున్నాను అని రాశాను. మూడో రోజు జవాబొచ్చింది. నాలుగు లైన్లు. ఎందుకమ్మా అబద్ధం చెప్పావు, ముందే చెబితే మేమేమన్నా అనేవాళ్లమా, మేం అలాంటివాళ్లం కాదు, నాకు చాలా బాధేసింది అని. చెల్లీ అని మాత్రం లేదు.

ఆ ఉత్తరం చాలాసార్లు చదివాను. ముందే చెప్పినా పులిహోర పెట్టేదే అనుకుంటాను, మంచిదే ఆవిడ. వాళ్లాయన కూడా ఆ మాట అనేవాడు కాదు. నా ముందు అనేవాడు కాదు, అంతే. అంటే వాళ్ల నిజం నాకు తెలిసింది నా అబద్ధం వల్లే గదా. ఇది కాంట్‌కి తట్టిందో లేదో నాకు తెలీదు. అబద్ధం ఆడినదాన్ని నేనొక్కదాన్నే అయ్యాను. అలాంటివాళ్లం కాదు అన్నవాళ్లు, ఇంటిపేరు ఎందుకడిగారో మాత్రం రాయలేదు. ఆ ప్లాస్టిక్ డబ్బా ఇప్పటికీ మా వంటింట్లో ఉంది. మినప్పప్పు పోసుకుంటున్నాను.

తిరిగొచ్చాక డీఎస్సీ రాసి 2016లో టీచరునయ్యాను. ఫారిన్ చదువు చదివి బడిపంతులమ్మవా అని ఇప్పటికీ అడుగుతారు. వాళ్లలో సగంమంది తర్వాతి ప్రశ్న ఇంటిపేరే.

మర్నాడు పొద్దున ఆ పిల్ల మళ్లీ వచ్చింది, వాళ్లమ్మని కూడా తీసుకుని. తల్లి కూలికి పోవడం మానుకుని వచ్చింది. బెంచీ చూపించినా కూచోలేదు, గోడకానుకుని నిలబడింది. నేను వాళ్లకి ఈ కథంతా చెప్పలేదు. బాబాసాహెబ్ నీళ్ల కోసం చెప్పిన అబద్ధం చెప్పాను. చెప్పాలా వద్దా అనేది ఆ పూట, ఆ గది, ఆ మనుషుల్ని చూసి నువ్వే తేల్చుకో, చెప్పకపోతే పాపమేం కాదన్నాను. తల్లి నావైపు కాస్త తేటగా చూసింది. "కానీ ఒకటి. నీ ముందు మనవాళ్లని ఎవరన్నా ఏమన్నా అంటే మాత్రం తలూపొద్దు" అన్నాను.

పిల్ల కాసేపు ఆలోచించింది.

"అందరూ ఊపుతుంటే నేనొక్కదాన్నే ఊపకపోతే తెలిసిపోద్దిగా టీచర్?" అంది.

వాళ్లమ్మ, నేను ఒకళ్ల మొహం ఒకళ్లం చూసుకున్నాం.